సత్యరాజు చెప్పిన అసత్యము

లేని దేశమును ఉన్నట్లు వర్ణించి చెప్పుట అసత్యమగునా, కాదా యను ప్రశ్న మొన్నటి వేసవిలో మా యింట పుట్టినది. పుట్టించినవాడు మా చిన్నాయన. ఆయన బేతంచెర్లలో బండల వ్యాపారము చేయుచు, కొలతలో అంగుళము తప్పనివాడని పేరు పొందిన మనుష్యుడు. రాత్రి భోజనములైన పిమ్మట నేను ఇంటివారికి కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ చదివి వినిపించుచుంటిని. రెండవనాటి రాత్రి ఆయన వాకిట నిలిచి కొంతసేపు విని, “లేని దేశం గురించి రాసినోడు అబద్ధాలకోరు గాక ఏమప్పా? పైగా వానికి సత్యరాజని పేరొకటి!” అనెను. అందరును నవ్విరి. నేనును నవ్వితిని గాని, పడుకొన్న తరువాత ఆ మాట నన్ను విడువలేదు.

ఏలయన ఆ ప్రశ్న చిన్నది కాదు. అబద్ధమాడరాదని మనము పిల్లలకు నేర్పుచున్నాము. ఆ నోటితోనే వారికి కట్టుకథలు చదివి వినిపించుచున్నాము. పైగా ఈ కథను వ్రాసినది ఎవరు? బంగారము చేసి యిత్తునని గృహస్థులను దోచు బైరాగిని ‘రాజశేఖర చరిత్రము’లో బయటపెట్టి, మంత్రములను, శకునములను, జాతకములను జీవితమంతయు అసత్యములని ఖండించిన పంతులుగారు. అసత్యము నింతగా ద్వేషించిన మనుష్యుడు ఎన్నడును లేని దేశమునొకదానిని కల్పించి, అందలి రాజులను, ఆచారములను, స్త్రీపురుషులను కన్నులార చూచినట్లు వర్ణించుటకు పూనుకొనినాడనిన, అందులకు తగిన కారణ మేదియో ఉండవలెను.

పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించి, 1919లో చెన్నపురిలో కాలధర్మము నొందిరి. 1874లో ‘వివేకవర్ధని’ని, 1883లో స్త్రీలకొరకు ‘సతీహితబోధిని’ని స్థాపించిరి. వితంతువివాహము శాస్త్రసమ్మతమని 1879 నుండి సభలలో ఉపన్యసించి, పరాశరస్మృతిని ప్రమాణముగ చూపి, పండితులతో వాదములు సల్పి, తుదకు 1881 డిసెంబరు 11వ తేదీన తమ యింటనే మొదటి వితంతువివాహము జరిపించిరి. ఆనాడు వంటవారు రాలేదు. నీళ్లు మోయువారు రాలేదు. వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె యెత్తుకొని గోదావరికి పోయి నీరు తెచ్చి, పెండ్లివారికి వంట చేసి పెట్టిరి. ఈ సంగతి పాఠకులలో పెక్కుమందికి తెలిసినదే. దీనిని ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుటకు గల కారణము తరువాత తెలియగలదు.

ఆ వివాహము జరిగిన పదియేండ్లకు, 1890ల తొలిదినములలో, ‘చింతామణి’ పత్రికలో సత్యరాజు యాత్రలు వెలువడినవి. ఇవి రెండు భాగములు. మొదటిదానిలో సత్యరాజు ఆడుమళయాళమునకు పోవును. రెండవదానిలో మహాకాయులు వసించు లంకాద్వీపమునకు పోవును. డబ్లినులో మతాచార్యుడైన జోనతన్ స్విఫ్టు 1726లో ప్రకటించిన గల్లివరు యాత్రలు దీనికి మాదిరి. ఆ యింగ్లీషు గ్రంథమునందును ఇదే చమత్కారమున్నది: గల్లివరు సత్యసంధతకు ఇరుగుపొరుగులలో మిక్కిలి ప్రసిద్ధుడని ప్రకాశకుని పేర వ్రాయబడిన పీఠిక చెప్పును. ఆ పిమ్మటనే ఆరంగుళముల మనుష్యులు వత్తురు! పంతులుగారు ఆ చమత్కారమును ఒక్క పేరులో ఇమిడ్చిరి. చిన్నాయన దానిని పట్టుకొనెను గాని, అది గ్రంథకర్త బుద్ధిపూర్వకముగ వదలిన దారపుకొస యని గుర్తింపలేదు. అబద్ధమాడువాడు తన అబద్ధమున కీలు ఎచ్చట నున్నదో చూపడు. ఈ గ్రంథకర్త అట్ట మీదనే చూపినాడు.

నేను మరునాడు చిన్నాయనతో ఈ మాటయే అంటిని. స్త్రీలు పాలించు రాజ్యము మనకు క్రొత్తది కాదనియు, జైమినిభారతమున అర్జునుడు యజ్ఞాశ్వము వెంట పోయి ప్రమీల రాజ్యమున చిక్కుకొనలేదా యనియు అడిగితిని. “అది పురాణం గదప్పా,” అని ఆయన తేల్చివైచెను. నమ్ముటకు అలవాటుపడిన కల్పన ఆయనకు కల్పన కాదు. అందుచేత నేను ఆయనకు మా యూరివే రెండు దృష్టాంతములు చూపదలచితిని.

మా బేతంచెర్లకు అనతిదూరమున బిల్లసర్గము గుహలు గలవు. 1884, 85 సంవత్సరములలో భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూసు ఫూటును, ఆయన కుమారుడు హెన్రీ ఫూటును ఆ గుహలలో త్రవ్వించి, ప్రాచీనజంతువుల యెముకలు అనేకములు వెలికి తీసిరి. లైడెక్కరను పండితుడు వానిని పరిశీలించి 1886లో ప్రకటించిన గ్రంథమున ఒక ఖడ్గమృగజాతికి కర్నూలు పేరనే నామకరణము చేసెను. ఏడాదిలో సగము బావులెండి, చెట్టు నీడకై గొర్రెలు పోట్లాడుకొను ఈ నేలపై ఒకప్పుడు ఖడ్గమృగములు తిరిగినవని చెప్పగా, చిన్నాయన నన్ను జాలిగ చూచెను. అది ఎముకలు సాక్ష్యమిచ్చు నిజము. ఆయన దృష్టికి అది కట్టుకథ.

ఇక రెండవ దృష్టాంతము బనగానపల్లె సమీపమున నున్న రవ్వలకొండ. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి అచ్చమ్మగారి పశువులను కాయుచు ఆ గుహలలో కాలజ్ఞానము వ్రాసెనని మా ప్రాంతమున పసిపిల్లవానికి సైతము తెలియును. స్వామి పలికెనని చెప్పు ప్రతి మాటను చిన్నాయన నమ్మును. ఎడ్లు లేని బండ్లు వచ్చినవి గదా, అనును. విధవరాలు దేశమేలునని చెప్పెను, 1966లో ఇందిరాగాంధీ ప్రధానమంత్రి కాలేదా, అనును. అచ్చుపడిన కాలజ్ఞానపు ప్రతులు ఒకదానితో నొకటి సరిపోలవనియు, జరిగిన తరువాత చేరిన జోస్యము లెన్ని యున్నవో యెవరు చెప్పగలరనియు నేను అనలేదు. పెద్దవానితో వాదించి గెలుచుటలో సంతోషము లేదు. కాని నా మనస్సున ఒక సంగతి మెదలినది. విధవ దేశమేలుట యనునది ఆ జోస్యములో ఎట్టి వరుసలో నిలిచియున్నది? కలియుగము ముదిరి లోకము తలక్రిందులగు గుర్తులలో నొకటిగ. పసుపు కుంకుమలు పోయినదానికి వంటింటి మూల తప్ప వేరు తావు లేదని తలచిన లోకమునకు, ఆమె సింహాసనమెక్కుట ఉత్పాతమువలె కన్పట్టినది. దూదేకుల సిద్ధయ్యను శిష్యునిగ చేకొని కులభేదమును నిరసించిన మహనీయుని బోధలో జనులు జ్ఞప్తియందుంచుకొనినది ఉత్పాతముల పట్టికను మాత్రమే. ఆయన చేయుమన్నదానిని ఎవరును లెక్కింపరు. జరుగునన్నదానిని వ్రేళ్లు మడిచి లెక్కింతురు.

ఇచ్చట నాకు భేదము దొరకినది. భవిష్యత్తును చెప్పు మాట మనలను వేచియుండు మనును. అది నిజమైనచో ఆశ్చర్యపడి, నిజము కానిచో మరికొంతకాలము వేచియుందుము. మనము చేయవలసినది ఏమియు లేదు. కల్పితదేశపు కథ నమ్మమని అడుగదు, వేచియుండు మనియు అడుగదు. “ఇది నీకు ఎచ్చటనో చూచినట్లున్నదా?” అని మాత్రమే అడుగును. నమ్మించి వినువాని వివేకమును నిద్రపుచ్చునది అసత్యము. నమ్మకము నెత్తివైచి వివేకమును మేల్కొలుపునది అసత్యమెట్లగును?

ఆడుమళయాళమున స్త్రీలు ప్రభువులు. పురుషులు ఇల్లు కనిపెట్టుకొని, అణగి మణగి యుండువారు. చదువు వారికి పనికిరాదు. పతివ్రతాధర్మమునకు మారుగ అచ్చట పత్నీవ్రత్యము గలదు; అదియే పురుషునకు పరమధర్మము. మన దేశమున స్త్రీలకు విధించిన నియమములు అచ్చట పురుషులకు విధింపబడినవి. వానిని సమర్థించు యుక్తులును, శాస్త్రవచనముల తీరును మనవే. పంతులుగారు క్రొత్తగ కల్పించినది మిక్కిలి కొంచెము. పీటలు మాత్రము మార్చివేసిరి.

పీటలు మార్చుటకు కథ యేల? పదునెనిమిదేండ్లు పత్రికలు నడపి, శ్లోకమునకు శ్లోకము చెప్పి వాదించినవారికి యుక్తులు చాలలేదా? చాలలేదనియే నా యభిప్రాయము. తనకు అప్రియమైనదానిని ఒరులకు చేయరాదని భారతము చెప్పుచున్నది. దీనిని కాదను పండితుడు ఆనాడును లేడు, ఈనాడును లేడు. ఐనను ఎనిమిదేండ్ల విధవ తల గొరిగించిన తండ్రి తాను ఈ ధర్మమును తప్పితినని ఒక్క క్షణమైన తలచెనా? తలపలేదు. ఏలయన ‘ఒరులు’ అను మాటలో ఆ బిడ్డ ఆతనికి కానరాలేదు. తనవంటివారే ఒరులు, ఆడది వేరు జాతి, ఆమె కర్మము వేరు. తన్ను ఎవరి చోట నిలుపుకొని చూడగలడో వారి విషయముననే మనుష్యునకు ఆ ధర్మసూత్రము పనిచేయును. ఆ నిలుపుకొనుట యుక్తిచేత కాదు. ధర్మశాస్త్రము అదివరకే జరిగినదని భావించి వదలిన పనిని కథ చేయవలసియున్నది. సత్యరాజు ఆ దేశమున అడుగుపెట్టినప్పుడు వానితో కూడ చదువరియైన పురుషుడును అడుగుపెట్టి, కొంతసేపు తల వంచుకొని నిలువవలెను. ఆ కొంతసేపటికొరకే పంతులుగారు అసత్యమాడిరి.

ఇంతవరకు వ్రాసి నేను తృప్తిపడియుందునుగాని, మూడవనాటి రాత్రి జరిగినదానిని దాచినచో నేనును అసత్యవాదినే యగుదును. ఆ రాత్రి చదువుచుండగా మగవారందరును కడుపుబ్బ నవ్విరి. చిన్నాయనయు లోపలికి వచ్చి కూర్చుండి నవ్వెను. మగవాడు గుమ్మము చాటున నిలిచి మాటాడుటయా! నవ్వు దేనిని చూచి? మన యన్యాయమును చూచి కాదు. ఆడది అధికారము చేయుట, మగవాడు లొంగుట యను వింతను చూచి. అద్దము పట్టిన చోట వారు బొమ్మలాట చూచిరి. నేను తల యెత్తి చూడగా మా అవ్వ గోడకు చేరగిలి, ముఖమున ఏ మార్పును లేక వినుచుండెను. నీకు నవ్వు రాలేదా అవ్వా యని యడిగితిని. “మాకు నవ్వేమొస్తాది నాయనా? మాకిది కొత్తా?” అనెను. నవ్వుచున్నవారు ఆగిరి. కథ చేయవలసిన పనిని ఆ రెండు మాటలు చేసినవి.

అప్పుడు పంతులుగారి కల్పన ఎచ్చట ఆగిపోయినదో నాకు తెలిసినది. వారు పురుషుని స్త్రీ చోట నిలిపి, వాని బాధను ఊహింపగలిగిరి. స్త్రీని స్వతంత్రురాలిగ నిలిపి, ఆమె ఏమి చేయునో ఊహింపలేదు. ఆడుమళయాళపు రాణులకు పని యేమి? మన మగవారు చేయుచున్న అన్యాయమునే తిరిగి చేయుట. ఆడువారి ప్రభుత్వమనగా వికృతమని తలచువానికి ఆ గ్రంథము అడ్డు చెప్పదు. కొంత తోడ్పడును గూడ. పంతులుగారిపై నాకు గల గౌరవమునకు ఇందువలన కొరత లేదు. కాని ఆనాటి పురుషులలో మిక్కిలి న్యాయపరుడైనవానికిని ఊహ అంతవరకే సాగినదని ఒప్పుకొనవలెను.

మరియొక దేశమును చూచినది ఒక స్త్రీ. వంగదేశీయురాలైన రొకియా బేగము 1905లో ‘సుల్తానా స్వప్నము’ అను కథను ఇంగ్లీషున వ్రాసెను. భర్త ఉద్యోగధర్మమున ఊళ్లు తిరుగుచున్న దినములలో ప్రొద్దుపోవుటకు వ్రాసినదట. అది తొలుత అచ్చుపడినది మన చెన్నపురిలోనే, కమలా సత్యనాథన్‌గారు 1901లో స్థాపించిన స్త్రీల ఇంగ్లీషు మాసపత్రికలో. సత్యరాజు యాత్రలకు పదునాలుగేండ్లు దాటలేదు, చెన్నరాజధాని ఎల్లలు దాటలేదు. ఐనను ఇది వేరు లోకము. ఇచ్చటను స్త్రీలు పాలింతురు, పురుషులు లోపలి కొట్లలో నుందురు. కాని గ్రంథకర్త్రి కన్ను పురుషుల బాధపై లేదు. స్త్రీలు బయట ఏమి చేయుచున్నారనుదానిపై నున్నది. ఇరువదియొకటవ యేడు రాక పూర్వము ఆడపిల్లకు పెండ్లి లేదు. స్త్రీల విశ్వవిద్యాలయములు రెండు. ఒకటి సూర్యుని వేడిమిని పట్టి నిలువచేయు యంత్రము కనిపెట్టినది, మరియొకటి మేఘమండలమునకు బెలూను ఎక్కించి, గొట్టముల ద్వారా నీరు దింపుకొనినది. కచేరీలో మగవారు చుట్ట కాల్చుచు ఏడు గంటలు చేయు పనిని ఆడువారు రెండు గంటలలో ముగింతురు. పొగ లేదు, దోమ లేదు, పోలీసు లేడు. ఇందును అన్యాయము లేకపోలేదు. కొట్లలో మూయబడినవారు మనుష్యులే. అది ఘోషాపై తీర్చుకొనిన చిన్న పగ. కాని పురుషుడు తలక్రిందులు చేసిన లోకమున మనకు కనబడునది శిక్ష. స్త్రీ తలక్రిందులు చేసిన లోకమున కనబడునది తెరిపి. రొకియా కలతో తృప్తిపడినది కాదు. 1911లో కలకత్తాలో ముసల్మాను బాలికలకు పాఠశాల తెరచి, 1932లో మరణించువరకు దానిని నడపెను.

ఈ కథను నేను తెలుగున నోటితో చెప్పగా చిన్నాయన సంతోషమునకు మేర లేదు. ఓర్వకల్లు, గడివేముల మండలములలో, గని, శకునాల గ్రామముల చెంత, 2017లో వేయి మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసిన సంగతి ఆయన యెరుగును. “చూసినావా! ఆయమ్మ నూరేండ్ల కిందటే చెప్పింది. అదిగూడా కాలజ్ఞానమే!” అనెను. నిన్నటి అబద్ధాలకోరుల పంక్తినుండి ఒకరిని ఈనాడు ఋషుల పంక్తికి మార్చినాడు! నాకు సంతోషము కలుగలేదు. మా ప్రాంతపు ఎండ విద్యుత్తైనది, నిజమే. ఆ కలలో అది సగము. యంత్రము వచ్చిన సగమును లెక్కించి నిజమాయెనని చేతులు దులుపుకొనినచో, రెండవ సగము నడుగువారెవరు? ఆ యంత్రములు నిలిచిన పల్లెలలో పదునెనిమిదేండ్లు నిండకయే పెండ్లిపీట లెక్కిన బిడ్డలు లేరని ఆయన ప్రమాణము చేయగలడా? అడిగితిని. ఆయన పై పంచె సవరించుకొని, పొద్దున బండల లోడు పంపవలెనని లేచెను.

అవ్వ మాత్రము కదలలేదు. ఆమె ఈ యింటికి కోడలై వచ్చిననాటినుండి నలువదియేండ్లు ఊరిబావినుండి బిందె మోసినది. కుడిభుజము నేటికిని కొంచెము వంగియే యున్నది. చాలసేపు ఊరకుండి, “ఆ దేశంలో నీళ్లు మోసేదెవురు నాయనా?” అని అడిగెను. ఏ దేశములో, అంటిని. రెంటిలోను, అనెను. ఇంటిపని పురుషులదైన సత్యరాజు దేశమున ఆ బిందెయు మగవాని నెత్తిననే యుండవలెననియు, రొకియా దేశమున మేఘమునుండి గొట్టమే తెచ్చును గనుక ఎవరును మోయనక్కరలేదనియు చెప్పితిని. అవ్వ కొంచెము ఆలోచించి, “అయితే ఆ రెండోది ఇంకోసారి చెప్పు,” అనెను.